పైమిద్దె మీద డిష్, కింద హాల్లో టీవీ: మధ్యలో వైరు సంగతి

ప్రొద్దుటూరు నుంచి మీరు అడిగింది ఇదీ: పాత ఇంటి మీద రెండంతస్తులు వేశారు, డిష్ ఇప్పుడు పైమిద్దెకు ఎక్కించాలి. కింద హాల్లో టీవీ దాకా వైరు 45 మీటర్లు, మొదటి అంతస్తులో అమ్మగారి గదికి 30 మీటర్లు పడుతుంది. రెండు చోట్లా దూరదర్శన్ వాళ్ళ ఉచిత ఫ్రీ డిష్ చాలు. ఇన్నాళ్ళూ వాడిన తెల్ల వైరు చుట్టి పెట్టారు, అదే వాడొచ్చా అన్నారు. చలికాలంలో పొద్దున్నే బొమ్మ ఆగి ఆగి వచ్చేదనీ, తొమ్మిది దాటితే దానంతటదే బాగయ్యేదనీ రాశారు. అంగట్లో 'ఫోర్‌కే గోల్డ్' అని రాసిన వైరు, దాంతోపాటు సిగ్నల్ పెంచే బూస్టర్ ఒకటి తీసుకోమంటున్నారట.

నేను అనంతపురంలో ఇరవై ఏళ్ళు దాటి ఈ పనే చేస్తున్నాను. ముందు కేబుల్ ఆఫీసులో స్తంభాలు ఎక్కి వైర్లు లాగాను, తర్వాత సొంతంగా డిష్‌లు బిగించడం మొదలుపెట్టాను. ముందే చెప్పేస్తాను: బూస్టర్ వద్దు, గోల్డ్ వైరు వద్దు, ఆ తెల్ల వైరు పాత సామాన్లవాడికి ఇచ్చేయండి. మిగిలిన డబ్బు డిష్ స్టాండ్‌కీ, వైరు చివర్లో పెట్టే కనెక్టర్లకీ పెట్టండి. నేను చూసిన కంప్లయింట్లలో ఎక్కువ శాతం ఈ రెండు చోట్లే తేలాయి. బాక్స్ దగ్గర తేలినవి తక్కువ.

ముందు ఆ పొద్దుటి జబ్బు సంగతి. డిష్ పక్కకు జరిగి ఉంటే పొద్దునా సాయంత్రం ఒకేలా ఏడ్చేది. బాక్స్ చెడుతుంటే మధ్యాహ్నం వేడెక్కాక ఎక్కువ మొరాయించేది. తెల్లవారుజామున ఏడ్చి, ఎండ పడగానే కుదుటపడితే అది ఎక్కువగా తేమే. రాత్రి కురిసిన మంచు ఎల్‌ఎన్‌బీ (డిష్ ముందు కడ్డీ చివర సిగ్నల్ పట్టే డబ్బా) కింద ఉండే కనెక్టర్‌లోకి దిగుతుంది, తొమ్మిదింటికి ఎండ తగిలి ఆరిపోతుంది. నమ్మకం లేకపోతే ఆ తెల్ల వైరు డిష్ వైపు చివర చూడండి. మధ్యలో రాగి కొన మీద పచ్చగా చిలుము పట్టి ఉంటుంది. చుట్టూ ఉండే అల్లిక తీగలు తెల్లటి పొడి రాలుస్తుంటాయి. జానెడు కోసి చూడండి, లోపల కూడా నల్లగా ఉంటే నీళ్ళు చాలా దూరం వెళ్ళాయన్నమాట. దీపంలో వత్తి నూనె పీల్చినట్టు ఆ అల్లిక నీళ్ళను పీల్చుకుంటుంది. తాడిపత్రిలో ఒక ఇంట్లో ఇలాగే కోసుకుంటూ పోతే రెండు మీటర్లు పోయినా మంచి రంగు కనబడలేదు. అలాంటి వైరుకు కొత్త కనెక్టర్ పెడితే నాలుగు రోజులు ఆడుతుంది, ఐదో రోజు మళ్ళీ మనకే ఫోను వస్తుంది.

ఇక కొత్త వైరు. మీకు కావలసింది 75 ఓమ్‌ల ఆర్‌జీ-6. అంగట్లో సన్నగా, చవగ్గా కనబడే ఆర్‌జీ-59 పాత కేబుల్ టీవీ రోజులది. సీసీ కెమెరాలకు సరిపోతుంది, డిష్‌కు పనికిరాదు. లావుగా ఉండే ఆర్‌జీ-11 అరవై డెబ్బై మీటర్లు దాటిన దూరాలకు. మీ ఇంటికి దాని అవసరం లేదు, పైగా గోడలో పైపు మలుపుల దగ్గర అది తిరగదు.

ఆర్‌జీ-6 అని రాసి ఉన్నవన్నీ ఒకటి కావు. అందుకే అంగట్లో కౌంటర్ మీదే ఒక పని చేయండి. జేబులో చిన్న అయస్కాంతం వేసుకుని వెళ్ళండి, పాత స్పీకర్‌లోది అయినా చాలు. వైరు కొనను రెండు అంగుళాలు వొలిపించి, మధ్య తీగకు అయస్కాంతం తగిలించండి. అతుక్కుంటే లోపల ఉక్కు, పైన రాగి పూత. దీన్నే సీసీఎస్ అంటారు. అతుక్కోకపోతే బ్లేడుతో ఆ తీగను గీరండి. లోపల కూడా ఎర్రగా ఉంటే నిఖార్సైన రాగి. గీరితే తెల్లగా వస్తే అల్యూమినియం మీద రాగి పూత, అది ముట్టుకోవద్దు. నాలుగుసార్లు అటూ ఇటూ వంచితే పుటుక్కున విరుగుతుంది.

సీసీఎస్ అనగానే మోసం అనుకోవద్దు. ఇక్కడే చాలామంది తప్పు చెప్తారు. డిష్ నుంచి వచ్చే సిగ్నల్ అంత ఎక్కువ ఫ్రీక్వెన్సీలో తీగ పైతొక్కలోనే పోతుంది. వెయ్యి మెగాహెర్ట్జ్ దగ్గర అది రాగిలో దిగే లోతు మిల్లీమీటరులో ఐదు వందల్లో ఒక వంతు. కాబట్టి సిగ్నల్ వరకు ఉక్కు మీద రాగి పూత ఉన్నా, మొత్తం రాగే అయినా తేడా తెలియదు. తేడా వచ్చేది కరెంటు దగ్గర. అదే వైరులోంచి బాక్స్ పైకి 13 లేదా 18 వోల్టులు పంపి ఎల్‌ఎన్‌బీని నడిపిస్తుంది. ఆ కరెంటు తీగ మొత్తం మందంలోంచి పోవాలి, ఉక్కు దానికి అడ్డం పడుతుంది. మంచి సీసీఎస్ వైరైతే 45 మీటర్లకు ఒక వోల్టు లోపే పోతుంది, 18కి 17 చేరినా ఎల్‌ఎన్‌బీ మారుమాట లేకుండా పనిచేస్తుంది. కానీ బాక్స్ పాతబడి తనే 16 ఇస్తుంటే, వైరు నాసిరకమైతే, మధ్యలో రెండు జాయింట్లు కూడా ఉంటే అది 14, 15కి పడిపోతుంది. అప్పుడు ఎల్‌ఎన్‌బీ 18 అడిగారో 13 అడిగారో తేల్చుకోలేదు. 13 అంటే నిలువు తరంగాలు, 18 అంటే అడ్డం తరంగాలు పట్టమని. పైన వాడే శాటిలైట్ ఈ రెండు పోలరైజేషన్లలోనూ చానళ్ళు పంపుతుంటే వాటిలో ఒక వర్గం మొత్తం మాయమవుతుంది. 'సగం చానళ్ళు వస్తున్నాయి, సగం రావట్లేదు' అని ఎవరైనా ఫోను చేస్తే నేను నిచ్చెన కన్నా ముందు మల్టీమీటర్ తీసుకుంటాను.

అందుకని మీ 45 మీటర్ల వైరుకు మొత్తం రాగి ఉన్నది తీసుకోండి, అమ్మగారి గది 30 మీటర్లకు మంచి సీసీఎస్ అయినా సరే. రెండూ ఒకే చుట్టలోంచి కోసుకుంటే అసలు గొడవే లేదు.

మధ్య తీగ తర్వాత చూడాల్సింది అల్లిక. తొక్క వొలిచాక వెండి కాగితం లాంటి రేకు, దాని మీద తీగల అల్లిక కనబడతాయి. ఆ తీగల సందుల్లోంచి రేకు ఎంత కనబడుతుందో చూడండి. వల వేసినట్టు పలచగా నాలుగు పోగులు ఉంటే అది 30, 40 శాతం అల్లిక. కనీసం 60 శాతం కావాలి. ఇంటికి దగ్గర్లో సెల్ టవర్ ఉంటే ఇంకా ఎక్కువ ఉన్నది చూడండి. కారణం ఏంటంటే, ఎల్‌ఎన్‌బీ శాటిలైట్ సిగ్నల్‌ను 950 నుంచి 2150 మెగాహెర్ట్జ్‌కు దించి వైరులోకి వదులుతుంది. ఫోన్లు వాడే 1800, 2100 బ్యాండ్లు సరిగ్గా ఈ మధ్యలోనే ఉన్నాయి. అల్లిక పలచనైతే టవర్ సిగ్నల్ వైరులోకి జొరబడి, నాలుగు చానళ్ళు మాత్రం ఊరికే ఆగి ఆగి వస్తుంటాయి. వాన లేదు, గాలి లేదు, ఎందుకో అర్థం కాదు.

పైన ఎండలో ఉండే భాగానికి నల్ల పాలిథీన్ తొక్క ఉన్న వైరే వాడండి. మన వైపు మే నెలలో 43, 44 డిగ్రీలు మామూలు. మిద్దె మీద బండ మీద పడుకున్న వైరుకు ఇంకా ఎక్కువ తగులుతుంది. తెల్ల పీవీసీ తొక్క మూడు నాలుగు వేసవులకు పసుపుపచ్చగా మారి, గోరుతో నొక్కితే అప్పడంలా విరుగుతుంది. ఆ పగుళ్ళలోంచే నీళ్ళు. ఇంట్లో గోడ వెంబడి అందానికి తెల్లది కావాలంటే పెట్టుకోండి, మిద్దె మీద మాత్రం వద్దు.

ఇంకోటి, వైరు మీద మీటరుకొకటి చొప్పున అంకెలు అచ్చు వేసి ఉంటాయి. చుట్ట కొంటే మొదటి అంకె, చివరి అంకె చూసి లెక్క వేసుకోండి. ఒకసారి వంద మీటర్లు అని రాసిన చుట్ట తెచ్చి ధర్మవరంలో ఒక ఇంట్లో లాగుతుంటే హాల్లోకి రాకముందే అయిపోయింది. అంకెలు చూస్తే 86 మీటర్లే. అంగడివాడు 'అది గజాలన్నా' అన్నాడు. గజాలైనా 91 రావాలి కదా అంటే నవ్వి ఊరుకున్నాడు. మిగతా నాలుగు మీటర్లకు జాయింట్ వేశాను, అది నా తప్పు. ఆ జాయింటే రెండేళ్ళ తర్వాత నన్ను మళ్ళీ ఆ మెట్లు ఎక్కించింది.

బూస్టర్ ఎందుకు వద్దన్నానంటే, ఆర్‌జీ-6లో పై ఫ్రీక్వెన్సీల దగ్గర వంద మీటర్లకు దాదాపు 32 డీబీ పోతుంది (డీబీ అంటే సిగ్నల్ ఎన్ని రెట్లు పెరిగిందో తగ్గిందో చెప్పే కొలత, పది డీబీ అంటే పది రెట్లు). మీ 45 మీటర్లకు 14 డీబీ, అంటే పాతికో వంతు మిగులుతుంది. వినడానికి భయంగా ఉంటుంది. కానీ ఎల్‌ఎన్‌బీ పైనే దాన్ని 50 నుంచి 60 డీబీ పెంచి పంపుతుంది, అంటే లక్ష రెట్లకు పైగా. పాతికో వంతే చేరినా బాక్స్‌కు కావలసినదానికన్నా ఎక్కువే మిగులుతుంది. హాల్లో బాక్స్ వెనక బూస్టర్ పెడితే బాక్స్ మెనూలో స్ట్రెంగ్త్ గీత పెరుగుతుంది, చూసినవాళ్ళు సంతోషిస్తారు. క్వాలిటీ గీత మాత్రం అక్కడే ఉంటుంది. నీళ్ళు కలిసిన పాలను పెద్ద గిన్నెలో పోసినట్టు, సిగ్నల్‌తో పాటు గోల కూడా పెరుగుతుంది. బాక్స్‌కు పనికొచ్చేది క్వాలిటీ. ఇక 'ఫోర్‌కే వైరు', 'హెచ్‌డీ వైరు' అనేవి అసలు లేవు. డిష్ వైరుకు బొమ్మ ఫోర్‌కేనా పాతదా అన్నది తెలియదు, అది మోసేది రేడియో తరంగాన్ని. బంగారు పూత కూడా అంతే. ఎల్‌ఎన్‌బీ మీద మామూలు నికెల్ పూత మర ఉంటే దానికి బంగారు కనెక్టర్ ఏం వెలగబెడుతుంది?

కనెక్టర్ల దగ్గర మాత్రం పిసినారితనం వద్దు. చేత్తో తిప్పి ఎక్కించే రకం, శ్రావణంతో నొక్కే క్రింప్ రకం, ప్రత్యేకమైన పనిముట్టుతో నొక్కే కంప్రెషన్ రకం, ఇలా మూడుంటాయి. డిష్ దగ్గర కంప్రెషన్ రకమే పెట్టించండి. ఆ పనిముట్టు లేని మనిషి వస్తే ఇంకొకరిని పిలవండి. వొలిచే పని దగ్గర నిలబడి చూడండి. తొక్క తీశాక అల్లిక వెనక్కి మడవాలి, లోపలి తెల్ల ఫోమ్ కనెక్టర్ లోపలి అంచుకు సమంగా రావాలి, మధ్య తీగ కనెక్టర్ మూతి దాటి రెండు మూడు మిల్లీమీటర్లు మాత్రమే బయటికి ఉండాలి. పొడుగైతే లోపల సాకెట్‌ను గుచ్చి పాడు చేస్తుంది, పొట్టిదైతే వేసవిలో తగిలి చలికాలంలో తగలదు. అల్లికలో ఒక్క పోగు, వెంట్రుకంత పోగు, మధ్య తీగకు తగిలినా షార్ట్. కొన్ని బాక్సులు 'ఎల్‌ఎన్‌బీ షార్ట్' అని చూపించి ఊరుకుంటాయి, పాతవి కొన్ని కాలిపోతాయి. అందుకే వైరు తిప్పేటప్పుడు, తీసేటప్పుడు బాక్స్ ప్లగ్ పీకేయాలి. రిమోట్‌తో ఆపితే చాలదు, అప్పుడూ వైరులో వోల్టేజీ ఉండొచ్చు.

బిగించాక పైన సెల్ఫ్ అమాల్గమేటింగ్ టేప్, అంటే సాగదీస్తే తనకు తానే అతుక్కుని ముద్దయ్యే రబ్బరు టేప్ చుట్టండి. నల్ల ఇన్సులేషన్ టేప్ ఎండకు జిగురు కారి ఊడిపోతుంది. కొంతమంది సిలికాన్ పూస్తారు. వెనిగర్ వాసన వచ్చే సిలికాన్ వద్దు, అందులోంచి వచ్చే ఆమ్లం రాగినే తింటుంది. ఎల్‌ఎన్‌బీ నుంచి వైరు నేరుగా కిందికి దింపకుండా ఒక ఉయ్యాల వంపు ఇవ్వండి, కారే నీళ్ళు వంపు అడుగున రాలిపోవాలి. గోడలో పైపులోకి దిగే చోట కూడా పైపు నోరు కిందికి చూస్తూ ఉండాలి. ఆకాశం వైపు నోరు తెరిచిన పైపు వానాకాలంలో మీ హాల్లోకి వేసిన తూమే.

ఇప్పుడు డిష్ సంగతి. ఫ్రీ డిష్ చానళ్ళు వచ్చేది జీశాట్-15 నుంచి, అది భూమధ్యరేఖ పైన 93.5 డిగ్రీల తూర్పు రేఖాంశం దగ్గర, దాదాపు 36 వేల కిలోమీటర్ల ఎత్తులో ఉంది. కడప జిల్లా నుంచి చూస్తే అది కచ్చితంగా ఆగ్నేయం. మీ వంటింటి మూల ఎటు ఉందో అటే. కర్నూలు, అనంతపురం వాళ్ళకూ ఒకటి రెండు డిగ్రీల తేడాతో అదే దిక్కు. ఎత్తు మన మూడు జిల్లాల్లోనూ 64 నుంచి 66 డిగ్రీలు, అంటే దాదాపు నడినెత్తికి దగ్గర. ఇది మనకు అదృష్టం. ఆగ్నేయంలో చెట్టో గోడో ఉంటే, డిష్ నుంచి అది ఎంత దూరంలో ఉందో దానికి రెండు రెట్ల కన్నా పొడుగు ఉంటేనే అడ్డం. పది అడుగుల దూరంలో ఉన్న కొబ్బరిచెట్టు డిష్ కన్నా ఇరవై రెండు అడుగులు పైకి పోవాలి. నీళ్ళ ట్యాంకు వాస్తు చూసుకుని నైరుతిలోనే కట్టించి ఉంటారు కాబట్టి దాని పక్కకు తూర్పుగా పెట్టినా ఫరవాలేదు, దాని వెనక వాయవ్యం వైపు ఆనించి మాత్రం పెట్టవద్దు.

రేపు ప్రైవేటు డీటీహెచ్ పెట్టించుకుంటే దిక్కు మారుతుంది. టాటా ప్లే 83 డిగ్రీల దగ్గర, అంటే మనకు దక్షిణానికి కొంచెం తూర్పుగా. ఎయిర్‌టెల్ 108.2 డిగ్రీల దగ్గర, అంటే తూర్పుకు బాగా తిరిగి, ఎత్తు కూడా 52 డిగ్రీలకు దిగుతుంది. తూర్పున పక్కింటివాళ్ళు మూడంతస్తులు లేపుతున్నారంటే ఆ సంగతి ముందే ఆలోచించుకోండి.

అడ్డం ఉందో లేదో చూసుకోవడానికి పైసా ఖర్చు లేని ఉపాయం ఒకటుంది. ఏటా మార్చి మధ్యలో, మళ్ళీ సెప్టెంబరు చివర్లో కొన్ని రోజులు పొద్దున పదకొండు ప్రాంతంలో సూర్యుడు సరిగ్గా ఈ శాటిలైట్ వెనకకు వస్తాడు. ఆ కాసేపు సూర్యుడి గోల సిగ్నల్‌ను ముంచేసి బొమ్మ పోతుంది. కొన్ని నిమిషాలకు అదే వస్తుంది, టెన్షన్ పడి మెకానిక్‌ను పిలవనవసరం లేదు. ఆ సమయంలో మిద్దె ఎక్కి డిష్ మీద నీడ పడుతుందేమో చూడండి. ఏ కొమ్మ నీడ పడిందో అదే మీ శత్రువు.

సైజు విషయానికి వస్తే ప్రొద్దుటూరులో 60, 65 సెంటీమీటర్ల డిష్ చాలు. 90 సెంటీమీటర్లది పెడితే 60 దానికన్నా రెండుంబావు రెట్లు విస్తీర్ణం, మూడున్నర డీబీ ఎక్కువ సిగ్నల్ వస్తుంది. అక్టోబరు, నవంబరులో తుపాను వానలు మీ వైపు దంచేటప్పుడు బొమ్మ ఇంకాసేపు నిలబడుతుంది. బాగా కుంభవృష్టి పడితే అదీ పోతుంది, దానికి మందు లేదు. అయితే పెద్ద డిష్‌కు చూపు సన్నం. 60 సెంటీమీటర్ల డిష్ చూపు వెడల్పు మూడు డిగ్రీలు, 90 దానికి రెండే. 60 డిష్ అంచు అర సెంటీమీటరు కదిలితే ఒక డిగ్రీ తప్పినట్టు. ఊగే స్టాండ్ మీద పెద్ద డిష్ పెట్టడం కన్నా గట్టి స్టాండ్ మీద చిన్న డిష్ నయం.

స్టాండ్ గురించి ఎంత చెప్పినా తక్కువే. మా అనంతపురం వైపు ఆషాఢం గాలి ఎలా ఉంటుందో రామగిరి గుట్టల మీద గాలిమరలు చూసినవాళ్ళకు తెలుసు. మీ ఊళ్ళో అంత లేకపోయినా మూడో అంతస్తు పైకి వెళ్ళాక గాలి వేరు. పిట్టగోడ ఇటుకకు బోల్టులు వేస్తే ఏడాదికి వదులవుతాయి. కాంక్రీటు దూలం మీదో, పిల్లర్ కొన మీదో యాంకర్ బోల్టులు వేయించండి. శ్లాబ్‌కు మాత్రం డ్రిల్ వేయనివ్వకండి, కొత్త ఇంటికి మొదటి కారుపు అక్కడి నుంచే మొదలవుతుంది. మేం పల్లెల్లో మట్టి మిద్దెల మీద బోల్టు వేసే వీలు లేక ఇనుప చట్రం చేయించి, నాలుగు మూలలా కడప బండలు పేర్చి దాని మీద డిష్ పెట్టేవాళ్ళం. మీరూ అలా చేయొచ్చు, బరువు మొహమాటం లేకుండా పెట్టాలి అంతే. ఏది చేసినా గొట్టం నిట్టనిలువుగా ఉండాలి, మేస్త్రీ తూకం గుండు వేలాడదీసి చూస్తే చాలు. గొట్టం వంగి ఉంటే డిష్‌ను పక్కకు తిప్పిన కొద్దీ ఎత్తు కూడా మారిపోతూ సిగ్నల్ దొరక్క చంపుతుంది.

ఎల్‌ఎన్‌బీ మీద '0.1 డీబీ' (అది తనంతట కలిపే గోల ఎంతో చెప్పే అంకె) అని రాసి ఉందా అని మీరడగలేదు, కానీ అంగట్లో అదే చూపిస్తారు. అన్ని డబ్బాల మీదా అదే రాసి ఉంటుంది. అచ్చు వేయడానికి ఖర్చు ఏముంది. పేరున్న తయారీ తీసుకుని, వెనక రబ్బరు మూత సరిగ్గా కూర్చుంటుందో లేదో చూసుకోండి. బిగించేటప్పుడు ఎల్‌ఎన్‌బీని దాని పట్టులో మెల్లగా గడియారం ముల్లులా తిప్పి, క్వాలిటీ ఎక్కడ ఎక్కువ వస్తే అక్కడ బిగించాలి. మనం భూమధ్యరేఖకు దగ్గరగా ఉన్నాం, శాటిలైట్ పక్కకు ఉంది, అందువల్ల ఈ తిప్పుడు మన జిల్లాల్లో చిన్నదేమీ కాదు. హడావుడి మెకానిక్‌లు చాలామంది దీన్ని వదిలేసి డిష్ ఒక్కటే జరుపుతారు.

రెండు టీవీల సంగతి. ఒకే ఎల్‌ఎన్‌బీ నుంచి ఒక వైరు దించి కింద స్ప్లిటర్‌తో రెండుగా చీల్చవద్దు. ఒక బాక్స్ 13 వోల్టులు, ఇంకోటి 18 పంపితే ఎల్‌ఎన్‌బీ ఎవరి మాట వినాలి? ఒక బండికి ఇద్దరు చెరో పక్క పగ్గాలు లాగినట్టు ఉంటుంది. రెండు మూతులున్న ట్విన్ ఎల్‌ఎన్‌బీ తీసుకోండి, ధరలో పెద్ద తేడా ఉండదు. ఒక్కో మూతి నుంచి ఒక్కో వైరు నేరుగా ఒక్కో గదికి, మధ్యలో జాయింట్ లేకుండా. అప్పుడు అమ్మగారు సప్తగిరి చూస్తుంటే మీరు కింద వేరే ఏదైనా చూసుకోవచ్చు.

బాక్స్ కొత్తది కొంటే డీవీబీ-ఎస్2, ఎంపెగ్-4 (శాటిలైట్ సిగ్నల్‌నూ బొమ్మనూ చదివే కొత్త పద్ధతులు) రెండూ ఉన్నదే కొనండి. పాత ఎంపెగ్-2 బాక్స్ ఫ్రీ డిష్‌లో కొన్ని చానళ్ళను అసలు చూపించలేదు. కొనే ముందు మీ టీవీ వెనక కూడా ఒకసారి చూడండి. కొన్ని స్మార్ట్ టీవీలకు మర ఉన్న శాటిలైట్ సాకెట్ ఉంటుంది, వైరు నేరుగా దానికే బిగించి ఫ్రీ డిష్ చూడొచ్చు. సెట్టింగ్స్‌లో ఎల్‌ఎన్‌బీ రకం యూనివర్సల్, 9750/10600 అని పెట్టాలి. అది తప్పు పెట్టి 'డిష్ చెడిపోయింది' అన్నవాళ్ళు ఎంతమందో.

ప్లాస్టరింగ్ ఇంకా అవ్వలేదంటే ఒక మాట. టీవీ వైర్ల పైపు, కరెంటు వైర్ల పైపు వేరువేరుగా వేయించండి. రెండూ ఒకే పైపులో దూర్చే అలవాటు ఎలక్ట్రీషియన్లకు ఉంది, అది సిగ్నల్‌కూ మంచిది కాదు, ప్రాణానికీ మంచిది కాదు. మలుపుల దగ్గర ఎల్బో కాకుండా పొడుగు బెండ్ పెట్టించండి, వైరును పిడికిలి కన్నా చిన్నగా వంచితే లోపల ఫోమ్ నలిగిపోతుంది. లాగేటప్పుడు ఒక నైలాన్ తాడు కూడా పైపులో వదిలేయండి. రేపు ఇంటర్నెట్ వైరు వేయాలంటే అదే పనికొస్తుంది.

డిష్ గొట్టానికి ఇంటి ఎర్తింగ్ కలపండి. పక్కన పిడుగు పడ్డప్పుడు వైరులో పుట్టే వోల్టేజీ కొంత అటు పోతుంది. నేరుగా పడితే ఏ ఎర్తింగూ కాపాడదు, కాబట్టి మే, జూన్ సాయంత్రాలు మబ్బులు కమ్ముకోగానే బాక్స్ ప్లగ్గూ, వెనక డిష్ వైరూ రెండూ పీకేయమని ఇంట్లో అందరికీ చెప్పి పెట్టండి. ఉరుములు మొదలవకముందే పీకాలి, నెత్తిన మెరుస్తుంటే వైరు ముట్టుకోవద్దు. కోతులు మిద్దెలెక్కే వీధైతే పైన కనబడే వైరంతా పీవీసీ పైపులోనే ఉండాలి, వాటికి ఎల్‌ఎన్‌బీ వైరు పట్టుకుని ఊగడం సరదా.

అన్నీ బిగించాక బాక్స్ మెనూలో సిగ్నల్ పేజీ తెరిచి, ఆకాశం నిర్మలంగా ఉన్న రోజు క్వాలిటీ అంకె ఎంతుందో ఒక కాగితం మీద తేదీతో రాసి బాక్స్ అడుగున అంటించండి. ఆర్నెల్ల తర్వాత మెకానిక్ వచ్చి ఎల్‌ఎన్‌బీ మార్చాలంటే ముందు ఆ కాగితం చూపించండి. ఇంతకీ అన్నా, గోడలో వేసిన పైపు 20 మిల్లీమీటర్లదా 25దా? 20 అయితే రెండు ఆర్‌జీ-6లు మలుపుల దగ్గర కష్టపడతాయి. ఆ కొలత చెప్తే అమ్మగారి గది వైరు బయటి గోడ మీదుగా దించాలో లేదో చెప్తాను.